పాత జీప్ చెరోకీకి యాక్సిల్ గేర్లు, లాకర్లు ఎంచుకోవడం: టైరు దగ్గర మొదలుపెట్టండి

నా దగ్గరున్నది 98 మోడల్ జీప్ చెరోకీ, ఎక్స్‌జే అంటారే, ఆ డబ్బా బండి. 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఉండేది డెన్వర్‌లో కాబట్టి కొండలు గంట దూరంలోనే ఉన్నాయి. కొన్న కొత్తలో ఉత్సాహం ఆగక బండిని ఎత్తు చేయించి 33 అంగుళాల టైర్లు వేసేశాను. చూడ్డానికి గున్న ఏనుగులా ఉండేది. ఆ శనివారమే ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ వైపు ఎక్కుతుంటే అసలు సంగతి తెలిసింది. గేర్‌బాక్స్ నాలుగులోకి వెళ్తుంది, లాగలేక మూడులోకి పడుతుంది, మళ్లీ నాలుగు, మళ్లీ మూడు, ఈలోగా వెనకాల పడవని లాక్కుంటూ వచ్చిన ఒక పికప్ నన్ను దాటుకుని వెళ్లిపోయింది. సరే అని యాక్సిల్ లోపలి గేర్లు మార్పించాను. ఏడాది తిరక్కుండానే లాకర్ (ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా కట్టేసేది) కావాలనిపించింది, అదే వెనక యాక్సిల్‌ని మళ్లీ విప్పించి అదే కూలీ రెండోసారి కట్టాను.

కాబట్టి నేను చెప్పేది ఒకటే వరస: టైరు ఖాయం చేసుకోండి, దాన్ని బట్టి గేరు, గేరు మార్చే రోజే లాకర్. ఈ మూడూ ఒకే కాగితం మీద రాసుకోకుండా ఒక్క పార్టు కూడా ఆర్డర్ చేయొద్దు. ఉదాహరణలన్నీ 1984 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌జేవే, కానీ పద్ధతి ఏ పాత బండికైనా ఒకటే.

మొదటి పని: కింద ఏ యాక్సిల్ ఉందో చూడండి

ముందు చక్రాలకి ఉండేది డానా 30 అనే యాక్సిల్. యాక్సిల్ లోపల క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుని తిప్పే చిన్న గేరే పినియన్, అది యాక్సిల్ మధ్యగీతకి పైన ఉంటే హై, కింద ఉంటే లో. ఇందులో 99 దాకా హై పినియన్, 2000, 2001 బళ్లలో లో పినియన్. ఒకదాని గేర్లు ఇంకోదాంట్లో పట్టవు, ఎందుకంటే పళ్లు కోసిన దిశే వేరు. ఆర్డర్ పెట్టేటప్పుడు "డానా 30కి గేర్లు" అని ఊరుకుంటే తప్పుడు పెట్టె ఇంటికొస్తుంది. బాగా పాత బళ్లలో అయితే ముందు యాక్సిల్ కుడివైపు షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉండి, వాక్యూమ్‌తో కలిసే ఏర్పాటు ఉంటుంది. మీది అలాంటిదైతే లాకర్ కొనేముందు ఆ మాట తప్పకుండా చెప్పండి.

అసలు చిక్కంతా వెనక యాక్సిల్‌తోనే. మూడు రకాలు వచ్చాయి. డానా 35, క్రైస్లర్ 8.25, అరుదుగా, 80ల చివర్లో ట్రైలర్ లాగే ప్యాకేజీతో వచ్చిన కొన్ని బళ్లలో డానా 44. వెనక్కి వెళ్లి వంగి డిఫ్ (డిఫరెన్షియల్, రెండు చక్రాలకీ బలం పంచేది) మూత చూడండి. కోడిగుడ్డులా గుండ్రంగా ఉంటే 35, అడుగు అంచు బల్లపరుపుగా ఉంటే 8.25. ఏబీఎస్ ఉన్న బళ్లలో ఎక్కువగా 35 కనిపిస్తుంది. 8.25లో మళ్లీ ఇంకో మెలిక ఉంది: 96 దాకా షాఫ్ట్‌కి 27 స్ప్లైన్లు (షాఫ్ట్ కొస మీది పొడవాటి పళ్లు), 97 నుంచి 29. లాకర్ స్ప్లైన్ లెక్క షాఫ్ట్‌తో కలవాలి, లేకపోతే షాఫ్ట్ లోపలికి వెళ్లనే వెళ్లదు.

డానా 35 గురించి సూటిగా చెప్పేస్తాను, చాలామంది మొహమాటపడి చెప్పరు. దాని క్రౌన్ వీల్ ఏడున్నర అంగుళాల పైచిలుకు, గొట్టాలు సన్నం, చాలా బళ్లలో షాఫ్ట్‌ని లోపల పట్టి ఉంచేది సీ ఆకారంలో ఉండే చిన్న క్లిప్పు. షాఫ్ట్ విరిగిందంటే చక్రంతో సహా బయటికి జారొచ్చేస్తుంది. 31 టైర్ల వరకు, లాకర్ లేకుండా, నెమ్మదిగా నడిపేవాడికి పరవాలేదు. 33 టైర్లు వేసి, లాకర్ పెట్టి, దాని మీద ఖరీదైన గేర్లు ఎక్కించడం మాత్రం కూలే గోడకి రంగులేయడమే. ఆ డబ్బుతో జంక్‌యార్డ్‌లో 1995-2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్, 8.8 అంటారు, వెతుక్కోండి. 31 స్ప్లైన్ల షాఫ్టులు, డిస్క్ బ్రేకులు, చక్రం బోల్టుల కొలత ఎక్స్‌జేదే. బ్రాకెట్లు వెల్డింగ్ చేయించుకోవాలి, అంతే తేడా.

8.25లో కూడా సీ క్లిప్పే ఉంటుంది, కానీ 29 స్ప్లైన్లది 33 టైర్లకి తట్టుకుంటుంది. నాది అదే, ఇన్నేళ్లలో వెనక ఏమీ విరగలేదు. (ముందు విరిగింది. దాని సంగతి కింద చెప్తాను.)

ఇప్పుడున్న రేషియో ఎంతో తేల్చుకోండి

రేషియో అంటే చక్రాలు ఒక్క చుట్టు తిరగడానికి, యాక్సిల్‌కి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకె. ఆటోమేటిక్ ఎక్స్‌జేకి సాధారణంగా 3.55, మాన్యువల్‌కి 3.07, ట్రైలర్ ప్యాకేజీకి 3.73 వచ్చేవి. పాతికేళ్లలో ఎవరు ఏం మార్చారో ఎవరికి తెలుసు, అందుకని లెక్కపెట్టుకోండి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె) కూడా న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపండి, రెండోది నేల మీదే ఉండాలి, దాని ముందూ వెనకా ఇటుకలో చెక్కలో గట్టిగా పెట్టండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి. మూడున్నర తిరిగితే 3.55, నాలుగు దాటి కాస్త తిరిగితే 4.10. ఒకటి కాకుండా రెండు చుట్లు ఎందుకంటే, ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు రెండోది డిఫ్ కంటే రెట్టింపు వేగంతో తిరుగుతుంది. ఇది ఓపెన్ డిఫ్‌కే, అంటే లాకర్ లాంటిదేమీ లేనిదానికే పనిచేస్తుంది. చక్రం అసలు కదలకపోతే మీ ముందు ఓనర్ లోపల ఏదో పెట్టాడన్నమాట, శుభం.

ఖచ్చితంగా తెలియాలంటే మూత విప్పి పళ్లు లెక్కపెట్టడమే. క్రౌన్‌కి 39, పినియన్‌కి 11 ఉంటే 3.55. 41కి 11 అయితే 3.73, 41కి 10 అయితే 4.10, 41కి 9 అయితే 4.56, 39కి 8 అయితే 4.88. ఈ వరసలో ఒకటి గమనించండి: నంబరు పెరిగేకొద్దీ పినియన్ పళ్లు తగ్గుతున్నాయి, పినియన్ చిన్నదవుతోంది. అందుకే "ఎలాగూ మారుస్తున్నాం కదా, అన్నిటికన్నా పెద్ద నంబరు వేసేద్దాం" అనే ఆలోచన మంచిది కాదు, డానా 30 లాంటి చిన్న యాక్సిల్‌లో అస్సలు మంచిది కాదు.

టైరు ఖాయం చేసుకున్నాక లెక్క

ఇక్కడ తొందరపడకండి. ఇప్పుడు 31 వేసి, రెండేళ్ల తర్వాత 33కి పోదామన్న ఆశ మనసులో ఉంటే ఇవాళే 33కి లెక్క వేసుకోండి, టైర్లు తర్వాత కొన్నా పరవాలేదు. టైరు మీద 33 అని రాసి ఉన్నా కొలిస్తే చాలాసార్లు అర అంగుళం తక్కువే వస్తుంది. నేల మీద సుద్దతో గీత గీసి, టైరు మీద కూడా గీసి, బండిని ఒక చుట్టు దొర్లించి, దూరాన్ని 3.14తో భాగిస్తే అసలు కొలత వస్తుంది.

సూత్రం ఇది: గంటకి మైళ్లు × యాక్సిల్ రేషియో × టాప్ గేర్ రేషియో × 336, దాన్ని టైరు వ్యాసంతో (అంగుళాల్లో) భాగించండి. వచ్చేది ఇంజిన్ ఆర్పీఎం. కిలోమీటర్లలో వేసుకునేవాళ్లు 336 బదులు 209 పెట్టుకోండి. ఎక్స్‌జే ఆటోమేటిక్‌లో టాప్ గేర్ 0.75, ఏఎక్స్15 మాన్యువల్‌లో 0.79.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు నా బండి: 225/75 ఆర్15 టైరు అంటే 28.3 అంగుళాలు, రేషియో 3.55. 70 మైళ్ల దగ్గర సుమారు 2,210 ఆర్పీఎం. 33 టైర్లు వేయగానే అదే 70కి 1,900కి పడిపోయింది. ఈ ఇంజిన్‌కి ఆ ఆర్పీఎంలో ఎత్తు ఎక్కే ఓపిక లేదు, అందుకే నాలుగు, మూడు, నాలుగు అని ఆ దోబూచులాట. దానివల్ల పోయేది పికప్ ముందు పరువు ఒక్కటే కాదు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో కలిపేది) పట్టుకుని వదులుతూ ఉంటే గేర్‌బాక్స్ నూనె వేడెక్కిపోతుంది.

మొదట ఉన్న లాగుడు తిరిగి రావడానికి కావలసిన రేషియో: పాత రేషియో × కొత్త టైరు ÷ పాత టైరు. 31కి 3.89 వస్తుంది, 33కి 4.14, 35కి 4.39. ఈ అంకె చూసి 33కి 4.10 సరిపోతుంది కదా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. సరిపోదు. పెద్ద టైరు బరువు ఎక్కువ, ఎత్తు చేసిన బండికి గాలి అడ్డం ఎక్కువ, దాని మీద బంపర్, వించ్, పైన రాక్ అంటూ మనం మోయించే సామాను వేరే. అందుకని వచ్చిన అంకె కంటే ఒక మెట్టు పైకి వెళ్లాలి. 31కి 4.10, 33కి 4.56, 35కి 4.88. మీది 3.07 ఉన్న మాన్యువల్ బండి అయితే ఈ "మొదటి లాగుడు" లెక్క వేయకండి, అసలు ఆ 3.07 పెట్రోలు మిగలడానికి పెట్టింది, కొండలకి కాదు. వాళ్లు కూడా ఇవే అంకెలకి రండి.

మీరుండే చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తో కూడా చూసుకోవాలి. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. ఆ టన్నెల్ ఉన్నది 11 వేల అడుగుల పైన, అంటే 190 హార్స్ పవర్ ఇంజిన్ అక్కడ దాదాపు మూడో వంతు తక్కువతో లాగుతోంది. హ్యూస్టన్‌లో ఉండేవాడు 33కి 4.10తో నెట్టుకురాగలడేమో, కొలరాడోలో కుదరదు. 4.56 పెట్టాక నాది 70కి దాదాపు 2,440 తిరుగుతోంది, నాలుగో గేర్ నిలబడుతోంది. 4.88 అయితే 2,600 అయ్యేది, అది కూడా ఈ ఇంజిన్‌కి బరువేం కాదు, కానీ ముందు పినియన్ మరీ చిన్నదవుతుందని ఆగాను.

రాళ్ల మీద పాకే బండికి ఇంకో లెక్క కూడా ఉంది: మొదటి గేర్ × లో రేంజ్ (ట్రాన్స్‌ఫర్ కేస్‌లో నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) × యాక్సిల్. ఎన్‌పీ231 ట్రాన్స్‌ఫర్ కేస్ లో రేంజ్ 2.72, ఆటోమేటిక్ మొదటి గేర్ 2.80. 3.55తో 27, 4.56తో 34.7. మాన్యువల్ మొదటి గేర్ 3.83 కాబట్టి 4.56తో 47 దాటుతుంది. ఆటోమేటిక్ వాళ్లు ఆ తేడా చూసి దిగులుపడనక్కర్లేదు, టార్క్ కన్వర్టర్ ఆ లోటు చాలావరకు పూడుస్తుంది. మీ గోలంతా రాళ్ల మీదే, హైవే మీద బండి బాగానే ఉందంటే యాక్సిల్ జోలికి పోకుండా ట్రాన్స్‌ఫర్ కేస్‌కి 4:1 లో రేంజ్ కిట్ వేసుకోవచ్చు. ఇండియాలో జిప్సీ ఉన్నవాళ్లు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆ సుజుకీల్లో ట్రాన్స్‌ఫర్ కేస్ హై రేంజ్‌లో కూడా తగ్గింపు ఉంటుంది, సమురాయ్‌లో అయితే 1.409. కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్లు మారిస్తే హైవే, కొండ రెండూ ఒక్క దెబ్బకి సర్దుకుంటాయి, రెండు యాక్సిళ్లు విప్పే పని తప్పుతుంది.

31 టైర్లతో ఆగిపోయేవాళ్లకి ఒక చవక దారి. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఎక్స్‌జే 4×4 మాన్యువల్ బళ్లకి కంపెనీ నుంచే 4.10 వచ్చేది. జంక్‌యార్డ్‌లో అలాంటి బండి కనిపిస్తే ముందు, వెనక రెండు యాక్సిళ్లూ దించుకొచ్చి తగిలించుకోవచ్చు, గేర్ సెట్టింగ్ ఖర్చే ఉండదు. వెనకది 35 అయ్యే అవకాశం ఉంది, చూసి దించండి.

ముందు, వెనక రేషియో ఒకటే ఉండాలని వేరే చెప్పాలా? చెప్తాను, ఎందుకంటే "ఈ నెల వెనక, వచ్చే నెల ముందు" అని వాయిదాల మీద చేసేవాళ్లున్నారు. చేయండి, కానీ రెండోది పూర్తయ్యేదాకా 4×4 లివర్ ముట్టుకోవద్దు. 3.55, 3.54 లాంటి తేడా లెక్కలోకి రాదు.

క్యారియర్: అందరూ మర్చిపోయేది ఇదే

పెద్ద నంబరు గేరులో పినియన్ చిన్నదవుతుందన్నాను కదా, దాన్ని అందుకోవడానికి క్రౌన్ వీల్ ఇంకాస్త దగ్గరికి జరగాలి. అందుకని క్రౌన్‌ని మోసే క్యారియర్ ఒక హద్దు వరకు ఒక రకం, ఆ పైన ఇంకో రకం. డానా 30లో 3.55 దాకా ఒకటి, 3.73 నుంచి ఒకటి. డానా 44లో 3.73 దాకా ఒకటి, 3.92 నుంచి ఒకటి. డానా 35లో హద్దు 3.31కీ 3.54కీ మధ్య. అంటే 3.55 ఉన్న నా బండికి 4.56 వేయాలంటే ముందు యాక్సిల్‌లో క్యారియర్ ఎలాగూ మార్చాల్సిందే. ఎలాగూ క్యారియర్ కొంటున్నప్పుడు ఖాళీ క్యారియర్ ఎందుకు, లాకర్‌తో కలిసి వచ్చే క్యారియరే కొనొచ్చు కదా? ఈ ఒక్క ప్రశ్న ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే నాకు బోలెడు డబ్బు మిగిలేది.

లాకర్లు: ఏది ఎవరికి

ఓపెన్ డిఫ్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానంగానే బలం ఇస్తుంది. చిక్కు ఏంటంటే గాల్లో ఉన్న చక్రం తిరగడానికి బలమే అక్కర్లేదు, కాబట్టి నేల మీద ఉన్నదానికీ అంతే, అంటే సున్నా. లాకర్ ఆ రెండిటినీ కట్టేస్తుంది.

కంపెనీ ట్రాక్-లాక్ లాంటి క్లచ్చు రకం లిమిటెడ్ స్లిప్‌ని (ఒక చక్రం ఊరికే తిరగడాన్ని కొంతవరకే ఆపేది) లాకర్ అనుకోకండి. కొత్తలో కాస్త పనిచేస్తుంది, పాతికేళ్ల బండిలో ఆ క్లచ్చులు ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి. గేర్లతో పనిచేసే ట్రూట్రాక్ లాంటివి మంచు రోడ్డు మీద బంగారం, అరగడానికి క్లచ్చులు లేవు, కానీ చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే చేతులెత్తేస్తాయి. బ్రేక్ మీద కొంచెం కాలు వేస్తే తిరిగి పట్టుకుంటాయి, ఆ చిట్కా అలవాటు చేసుకోవాలి.

అసలైన లాకర్లలో అన్నిటికన్నా చవకైంది లంచ్‌బాక్స్ రకం, ఆసీ, లాక్-రైట్, స్పార్టన్ లాంటివి. ఉన్న క్యారియర్‌లో చిన్న గేర్లు తీసేసి వాటి చోట దీన్ని పెడతారు. పినియన్ కదలదు కాబట్టి సెట్టింగ్ పని లేదు, కాస్త చేయి తిరిగినవాడు శనివారం ఒక పూటలో ఇంట్లోనే వేసుకుంటాడు. దీని బలం పాత క్యారియర్ బలమే, అంతకు మించి లేదు. డెట్రాయిట్ లాకర్ అదే పని చేసే ఆటోమేటిక్ రకం, కానీ సొంత క్యారియర్‌తో వస్తుంది, మొండి ఘటం. ఈ ఆటోమేటిక్ లాకర్లు మలుపులో బయటి చక్రాన్ని ముందుకి పోనిస్తాయి, అప్పుడు టకటక శబ్దం, ఒక్కోసారి ఠప్పున కొడుతుంది. మొదటిసారి పార్కింగ్ లాట్‌లో విన్నప్పుడు మా ఆవిడ "బండి విరిగిపోయింది" అని దిగిపోయింది.

మూడోది మీట నొక్కితే పనిచేసేది: ఏఆర్‌బీ గాలితో, ఈటన్ ఈలాకర్ కరెంటుతో, ఓఎక్స్ కేబుల్‌తో. నొక్కేదాకా మామూలు డిఫ్, నొక్కాక రెండు చక్రాలూ ఒకటే. ఖరీదు ఎక్కువ. ఏఆర్‌బీకి కంప్రెసర్, గాలి గొట్టం, హౌసింగ్‌కి రంధ్రం, ఎప్పుడో ఒకప్పుడు సీలు కారడం అన్నీ ఉంటాయి. అయినా నేను వెనక ఇదే పెట్టాను. కారణం మంచు. వెనక ఆటోమేటిక్ లాకర్ ఉన్న పొట్టి బండి, పక్కకి వాలి ఉన్న మంచు దారిలో రెండు చక్రాలూ ఒకేసారి తిరిగి, వెనక భాగం మెల్లగా లోయ వైపు జారుతుంటే స్టీరింగ్ పట్టుకున్నవాడికి చేయడానికేమీ ఉండదు. అరిజోనా, టెక్సస్‌లో ఉండి ఎండు రాళ్ల మీదే తిరిగేవాళ్లు ఆ టెన్షన్ లేకుండా డెట్రాయిట్ పెట్టుకోవచ్చు. స్పూల్ మాత్రం రోడ్డు మీద నడిపే బండికి వద్దు, అది ఎప్పటికీ విడవదు.

ఒక్కదానికే డబ్బుంటే ఏ వైపు? ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వస్తుంది కాబట్టి వెనక, అది మామూలు జవాబు. కానీ వెనకున్నది డానా 35 అయితే ముందు పెట్టండి. ముందు డానా 30లో లంచ్‌బాక్స్ పెట్టి టూ వీల్ డ్రైవ్‌లో తిరిగితే పెద్దగా తెలియదు, ఎందుకంటే ముందు షాఫ్ట్‌కి ఇంజిన్ బలం రావట్లేదు. ఫోర్ వీల్‌లో వేయగానే స్టీరింగ్ బరువెక్కుతుంది, మంచులో బండి నేరుగా పోదామంటుంది. ఎన్‌పీ242 ట్రాన్స్‌ఫర్ కేస్ ఉండి, ఫుల్ టైమ్ మోడ్‌లో రోజూ తిరిగేవాళ్లు ముందు ఆటోమేటిక్ లాకర్ పెట్టొద్దు.

ముందు విరిగిందన్నాను కదా. యూటాలోని మోయాబ్‌లో ఒక రాతి మెట్టు దగ్గర, ముందు లాకర్ పట్టి ఉండగా, స్టీరింగ్ మొత్తం తిప్పి యాక్సిలరేటర్ తొక్కాను. యూ జాయింట్, మన మెకానిక్కులు క్రాస్ అంటారు, అది ఠాప్ మని పోయి షాఫ్ట్ చెవులు కూడా పట్టుకుపోయింది. తప్పు నాదే. స్టీరింగ్ తిరిగి ఉన్నప్పుడు ఆ జాయింట్ బలం బాగా తగ్గిపోతుంది, అప్పుడు మీట తీసేసి, చక్రాలు నేరుగా చేసుకుని, తర్వాత తొక్కాలి. బండిలో ఒక స్పేర్ షాఫ్ట్ పెట్టుకోండి.

బిగించడం

క్రౌన్-పినియన్ సెట్ చేయడం విజయవాడ ఆటోనగర్‌లో అనుభవమున్న మేస్త్రీ చెవితో విని చేసేస్తాడని మా బాబాయి అంటుంటాడు. మీరు, నేను చేయలేం. పినియన్ లోతు, బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య వదులు), బేరింగ్ బిగువు, ఈ మూడూ కొలతలతో కుదరాలి. డయల్ ఇండికేటర్, అంగుళం-పౌండ్ల టార్క్ రెంచ్, ప్రెస్ లేకుండా మొదలుపెట్టకండి. బ్యాక్‌లాష్ సాధారణంగా అంగుళంలో వెయ్యికి 6 నుంచి 10 భాగాలు, మీ గేర్ల పెట్టెలో కాగితం ఏం చెప్తే అది. పళ్లకి రంగు పూసి తిప్పితే ముద్ర పంటి మధ్యలో పడాలి, పంటి అడుగుకో పై అంచుకో పోతే పినియన్ లోతు తప్పింది.

షాపుకి ఇస్తే, గేర్లు ఎన్ని సెట్ చేశారు అని కాకుండా, ఆ రంగు ముద్ర ఫొటో ఇస్తారా, చివరి బ్యాక్‌లాష్ అంకె రాసిస్తారా అని అడగండి. నేను మొదటిసారి ఇచ్చిన చోట అడగలేదు. 300 మైళ్లకే 50 స్పీడు దగ్గర కీచుమని ఏడుపు మొదలైంది, విప్పి చూస్తే ముద్ర పంటి అంచున ఉంది. బేరింగులు, సీళ్లు, క్రష్ స్లీవ్ (బేరింగ్ బిగువు కుదరడానికి నలిగే గొట్టం) అన్నీ కొత్తవే వేయించండి, అవి ఉన్న కిట్ గేర్ల ఖరీదు ముందు ఏపాటి.

మొదటి 500 మైళ్లు

మొదటిసారి 15, 20 మైళ్లు నెమ్మదిగా తిప్పి, ఆపేసి, పూర్తిగా చల్లారనివ్వండి. కొత్త గేర్లు ఒకదానికొకటి ఒరుసుకుని విపరీతంగా వేడెక్కుతాయి, ఆ వేడికి నూనె మాడితే పళ్లు మెత్తబడతాయి. 500 మైళ్లదాకా ట్రైలర్ లాగొద్దు, హైవే మీద పరుగులు వద్దు.

స్పీడోమీటర్ కూడా సరిచేసుకోవాలి. 33 టైర్లు, పాత గేర్లతో తిరిగిన రోజుల్లో నా మీటర్ 60 చూపిస్తుంటే నేను నిజంగా 70 మీద ఉన్నాను. 4.56 వేశాక తిరగబడి 60కి 66 చూపించడం మొదలెట్టింది. ట్రాన్స్‌ఫర్ కేస్ తోక దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ గేర్ ఉంటుంది, పళ్ల లెక్క మార్చి ఇంకోటి వేస్తే సరి, పది నిమిషాల పని.

500 మైళ్లకి రెండు డిఫ్‌లలోనూ నూనె మార్చండి. మూత తీసినప్పుడు అయస్కాంతం మీద బూడిదరంగు పేస్ట్ లాంటిది ఉంటే మామూలే, తుడిచేయండి. వేలికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే బండిని నడపకుండా, సెట్ చేసినవాడి దగ్గరికి ట్రక్కు మీద పంపండి.